కిండర్‌గార్టెన్ పాపకి ఇంగ్లీష్ రాదని ఉత్తరం వచ్చింది, ఈఎస్ఎల్‌కి సంతకం పెట్టాలా వద్దా?

డాలస్ అమ్మ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా పాప ఈ ఆగస్టులో కిండర్‌గార్టెన్‌లో చేరింది. పుట్టింది ఇక్కడే. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం, మా అత్తయ్యగారు కూడా మాతోనే ఉంటారు. స్కూల్లో చేర్పించేటప్పుడు హోమ్ లాంగ్వేజ్ సర్వే అని ఒక కాగితం ఇచ్చారు. ఇంట్లో వాడే భాష ఏది, పిల్ల మాట్లాడే భాష ఏది అంటే రెండింటికీ తెలుగు అని రాశాం.

ఆ తర్వాత పాపని క్లాసులోంచి తీసుకెళ్ళి టెస్ట్ పెట్టారట. ఇవాళ బ్యాగులో ఉత్తరం వచ్చింది. పాప 'ఎమర్జెంట్ బైలింగ్వల్' (ఇంట్లో వేరే భాష ఉండి, ఇంగ్లీష్ ఇంకా నేర్చుకుంటున్న పిల్ల అట) అనీ, ఈఎస్ఎల్‌లో, అంటే అలాంటి పిల్లలకి ఇంగ్లీష్ నేర్పే క్లాసులో వేస్తాం, ఒప్పుకుంటూ సంతకం పెట్టండి అనీ.

నాకు అస్సలు అర్థం కావట్లేదు. పార్కులో పక్కింటి పిల్లలతో గంటసేపు ఇంగ్లీష్‌లోనే ఆడుకుంటుంది. టెస్టులో ఏం అడిగారమ్మా అంటే "బొమ్మలు చూపించారు, నేను చెప్పలేదు" అంది. ఎందుకు చెప్పలేదు అంటే "ఆవిడ ఎవరో నాకు తెలీదు" అంది. టెస్ట్ పెట్టినావిడ ఎవరో తెలీక నోరు విప్పని పిల్లకి భాష రాదని రాసేస్తారా?

మా ఆడపడుచు వాళ్ళేమో సర్వేలో ఇంగ్లీష్ అని రాసెయ్యాల్సింది, ఇప్పుడు ఈ ముద్ర హైస్కూల్ దాకా పోదు అని భయపెడుతున్నారు. సంతకం పెట్టనా, వద్దని రాసివ్వనా? తెలిసినవాళ్ళు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

సన్నీవేల్ నాన్న | సోమవారం, రాత్రి 10:15

మీ ఆడపడుచుగారు చెప్పింది పూర్తిగా కొట్టిపారేయకండి. మా పెద్దవాడి విషయంలో నేను పడుతున్న బాధ చెబుతాను. వాడు కిండర్‌లో ఇంగ్లీష్ లెర్నర్ (మీ ఉత్తరంలో ఎమర్జెంట్ బైలింగ్వల్ అన్నది ఇదే) అని జాబితాలో పడ్డాడు, ఇప్పుడు ఆరో తరగతి. ఇంకా అందులోంచి బయటికి రాలేదు. మిడిల్ స్కూల్లో ఇంగ్లీష్ లాంగ్వేజ్ డెవలప్‌మెంట్ క్లాసుకి ఒక పీరియడ్ పోతుంది కాబట్టి వాడికి ఇష్టమైన బ్యాండ్ క్లాసు దొరకలేదు. స్నేహితులంతా ట్రంపెట్, వయొలిన్ పట్టుకుని వెళ్తుంటే వీడు ఇంకో గదికి వెళ్తాడు. వాడితో మాట్లాడితే ఇంగ్లీష్ రాని పిల్లాడని ఎవరూ అనుకోరు.

అందుకే చిన్నవాడికి సర్వేలో ఏం రాయాలా అని ఇంట్లో రోజూ చర్చే. కాలిఫోర్నియా ఫారంలో నాలుగు ప్రశ్నలుంటాయి. పిల్లాడు మొదట మాట్లాడింది ఏ భాష, ఇంట్లో ఎక్కువగా మాట్లాడేది ఏది, మీరు వాడితో ఏ భాషలో మాట్లాడతారు, ఇంట్లో పెద్దవాళ్ళు ఏ భాష మాట్లాడుకుంటారు. మొదటి మూడింట్లో దేనికి వేరే భాష రాసినా టెస్ట్ పెడతారు. ఇంగ్లీష్ అని రాస్తే అసలు గొడవే లేదు కదా?

ఈఎస్ఎల్ టీచర్, న్యూజెర్సీ | మంగళవారం, ఉదయం 6:50

స్కూలుకి బయల్దేరే ముందు రాస్తున్నాను, మిగతాది సాయంత్రం. నేను ఒక పబ్లిక్ స్కూల్లో ఈఎస్ఎల్ చెబుతాను. ప్రతి సెప్టెంబర్‌లో ఇలాంటి పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని టెస్ట్ పెట్టేది నాలాంటివాళ్ళే.

డాలస్ అమ్మగారూ, ముందు ఒక మాట. సంతకం పెట్టకపోయినా పాప ఇంగ్లీష్ లెర్నర్ అనే లెక్క మారదు. సర్వీసులు వద్దని చెప్పే హక్కు తల్లిదండ్రులకి ఉంది, కానీ ప్రతి ఏడాదీ వచ్చే పరీక్ష మాత్రం తప్పదు. టెక్సాస్‌లో అది టెల్పాస్. అంటే వద్దంటే సాయం పోతుంది, పరీక్ష అలాగే ఉంటుంది. ఈ సంగతి తెలియకుండా చాలామంది 'వద్దు' అని రాసిచ్చేస్తారు.

మరో సంగతి, టెక్సాస్‌లో సర్వేలో రాసింది దిద్దుకోవాలంటే చేరిన రెండు వారాల లోపల, అదీ టెస్ట్ పెట్టకముందే, రాతపూర్వకంగా అడగాలి. మీకు ఆ గడువు దాటింది. దాటకపోయినా మార్చమని నేను చెప్పను. ఎందుకో సాయంత్రం రాస్తాను.

అట్లాంటా, మాది వరంగల్ | మంగళవారం, మధ్యాహ్నం 12:30

మాది ఇంకో రకం కథ. మేం జనవరిలో హైదరాబాద్ నుంచి వచ్చినం. మా బాబు ఆరో తరగతి, ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే. అక్కడ ఇంగ్లీష్‌లో ఎప్పుడూ తొంభైకి తగ్గలేదు. ఇక్కడ విడా స్క్రీనర్ అని, ఇంగ్లీష్ ఎంత వచ్చో చూసే పరీక్ష పెట్టిన్రు. చదవడం బాగా వచ్చింది, రాయడం పర్వాలేదు, మాట్లాడటం మాత్రం రెండో స్థాయి దగ్గర ఆగిపోయింది. హెడ్‌సెట్ పెట్టుకుని కంప్యూటర్‌తో మాట్లాడాలట. వాడు రెండు మూడు మాటలు చెప్పి ఊరుకున్నాడట.

సన్నీవేల్ అన్నా, మీ వాడు మాట్లాడతాడు కానీ బయటపడలేదు. మావాడు చదువుతాడు కానీ బయటపడలేదు. ఇద్దరికీ ఒకే పేరు పెడితే ఎట్లా? టీచర్ మేడం దీని గురించి చెప్తే బాగుంటది.

ఈఎస్ఎల్ టీచర్, న్యూజెర్సీ | మంగళవారం, సాయంత్రం 7:20

వరంగల్ తమ్ముడు అడిగింది అసలు ప్రశ్న. కొంచెం పెద్దగా రాస్తాను.

ఈ పరీక్షలన్నీ వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం అని నాలుగు విడివిడిగా కొలుస్తాయి. పేర్లు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. కాలిఫోర్నియాలో ఎల్‌ప్యాక్, టెక్సాస్‌లో టెల్పాస్, న్యూయార్క్‌లో నిసెస్లాట్, నలభైకి పైగా రాష్ట్రాలూ ప్రాంతాల్లో విడా వాళ్ళ యాక్సెస్. 2015 నాటి ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ యాక్ట్ ప్రకారం ఇంగ్లీష్ లెర్నర్ అయిన ప్రతి పిల్లాడికీ ఏటా ఈ నాలుగూ కొలిచి తీరాలి.

విడాలో మొత్తం స్కోరు కట్టేటప్పుడు చదవడానికి 35 శాతం, రాయడానికి 35 శాతం, వినడానికీ మాట్లాడటానికీ చెరో 15 శాతం బరువు ఇస్తారు. దీన్ని బట్టే అర్థమవుతుంది, పార్కులో గలగలా మాట్లాడే పిల్లాడు ఎందుకు దాటలేడో. ఆటల్లో, భోజనాల దగ్గర వాడే ఇంగ్లీష్ వేరు, పాఠం చదివి కారణం రాసే ఇంగ్లీష్ వేరు. జిమ్ కమిన్స్ అనే ఆయన 1979లోనే ఈ తేడా చూపించారు. మొదటిది రెండేళ్ళలో పట్టుబడుతుంది, రెండోదానికి అయిదు నుంచి ఏడేళ్ళు పట్టవచ్చు అని.

ఒక ఉదాహరణ. నాలుగో తరగతిలో రెండు మొక్కల బొమ్మలు ఇస్తారు, ఒకటి ఎండలో, ఒకటి అలమారలో. ఏం జరిగిందో రాయమంటారు. ఒక పిల్లాడు 'ద ప్లాంట్ డైడ్. నో సన్' అని రాస్తాడు. తప్పేం లేదు, వాడికి సైన్సు తెలుసు. కానీ 'అలమారలో పెట్టిన మొక్కకి వెలుతురు అందలేదు కాబట్టి ఆహారం తయారు చేసుకోలేకపోయింది, అందుకే ఆకులు పసుపెక్కాయి' అనే వాక్యాన్ని ఇంగ్లీష్‌లో కట్టగలిగాడా అన్నదే అక్కడ చూసేది. కారణాన్నీ ఫలితాన్నీ కలిపే మాటలు రావాలి. మన పిల్లల స్కోరు కాగితాల్లో నేను ఎక్కువగా చూసే గండి ఇదే. సన్నీవేల్ నాన్నగారూ, మీ పెద్దబ్బాయి స్కోరు కాగితం తీసి మొత్తం అంకె పక్కన పెట్టి నాలుగూ విడిగా చూడండి. రాయడం దగ్గరే ఆగి ఉంటే ఇంట్లో మాట్లాడే ఇంగ్లీష్ ఎంత పెంచినా లాభం లేదు, రాయించాలి.

వరంగల్ తమ్ముడూ, మీ బాబు సంగతి తలకిందులు. విడా మాట్లాడే భాగంలో ముందు ఒక నమూనా విద్యార్థి గొంతు వస్తుంది. ఎంత పొడవుగా, ఎంత వివరంగా చెప్పాలో చూపించడానికి. తర్వాత పిల్లాడి వంతు. ఒక్కసారే రికార్డు చేయాలి. కొత్తగా వచ్చిన పిల్లలు ఆ నమూనా విని 'జవాబు ఆ అబ్బాయే చెప్పేశాడు కదా, నన్నెందుకు అడుగుతున్నారు' అనుకుంటారు. లేదా తప్పు పలుకుతానేమోనని రెండు మాటలతో ముగిస్తారు. యాస ఉందని మార్కులు తీసేయరు, చెప్పింది అర్థమైతే చాలు. విడా వాళ్ళ సైట్లో నమూనా ప్రశ్నలు ఉచితంగా ఉంటాయి. ఒక సాయంత్రం హెడ్‌సెట్ పెట్టి చేయించండి. అలాంటి పిల్లలు వచ్చే ఏడాది పరీక్షకల్లా బాగా పైకి రావడం నేను చూశాను.

ఇక సర్వేలో అబద్ధం రాయడం గురించి. 1974లో లావ్ వర్సెస్ నికల్స్ అని సుప్రీం కోర్టు తీర్పు వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనీస్ మాట్లాడే పిల్లలు సుమారు 1,800 మందికి ఇంగ్లీష్‌లో ఏ సాయమూ ఇవ్వకుండా మామూలు క్లాసులో కూర్చోబెట్టారు. అందరికీ అవే పుస్తకాలు, అదే టీచర్ ఇచ్చినంత మాత్రాన సమానం కాదని కోర్టు అంది. మన పిల్లలకి ఇవాళ ఈఎస్ఎల్ టీచర్ ఉందంటే ఆ తల్లిదండ్రులు కోర్టుకెక్కడం వల్లే. ఆ హక్కుని ఒక కాగితం మీద మనమే కొట్టేసుకోవడం నాకు కష్టంగా ఉంటుంది. పైగా ఇంగ్లీష్ అని రాసినా, మూడో తరగతిలో చదవడం వెనకబడితే అప్పుడు కారణం ఎవరికీ తెలియదు.

సన్నీవేల్ నాన్న | మంగళవారం, రాత్రి 9:05

మేడం, తీశాను కాగితం. వినడం, మాట్లాడటం రెండూ పై స్థాయి. రాయడం కింద ఉంది. మీరన్నదే. ఇన్నేళ్ళుగా ఎవరూ ఇలా విడదీసి చెప్పలేదు. ఏటా ఒక కవరు వస్తుంది, అందులో మొత్తం అంకె ఒకటి, 'మీ అబ్బాయి పురోగతి సాధిస్తున్నాడు' అనే మాట ఒకటి.

కానీ బ్యాండ్ క్లాసు సంగతి మాత్రం నేను వదలను. ఒక పిల్లాడు ఆరేళ్ళకు పైగా ఇదే లెక్కలో ఉంటే దానికి లాంగ్ టర్మ్ ఇంగ్లీష్ లెర్నర్ అని ఇంకో పేరు పెడతారు. పేరు పెట్టడం కాదు, ఎందుకు ఆగిపోయాడో చూడాలి కదా. సర్వీసు సరిగ్గా ఇచ్చి ఉంటే ఈపాటికి బయటపడేవాడు.

ఈఎస్ఎల్ టీచర్, న్యూజెర్సీ | మంగళవారం, రాత్రి 9:30

ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజం, దాని మీద పోరాడండి. 1981లో టెక్సాస్ నుంచి వచ్చిన కాస్టన్యేడా కేసులో కోర్టు చెప్పింది కూడా అదే. కార్యక్రమం సరైన సిద్ధాంతం మీద ఉండాలి, దానికి తగిన టీచర్లు, సామగ్రి ఇవ్వాలి, కొంతకాలం తర్వాత ఫలితం వస్తోందా లేదా అని చూసుకోవాలి, రాకపోతే మార్చాలి. మీరు మీటింగ్ అడిగి "మావాడికి రాయడంలో ఏం లోటుంది, ఈ క్లాసులో దానికోసం వారంలో ఏం చేయిస్తున్నారు" అని అడగండి. కాలిఫోర్నియాలో బయటికి పంపడానికి ఎల్‌ప్యాక్‌లో పై స్థాయి ఒక్కటే కాదు, టీచర్ అంచనా, తల్లిదండ్రుల అభిప్రాయం, చదువులో మిగతా పిల్లలతో పోలిక కూడా చూడాలి. అంటే ఆ నిర్ణయంలో మీ మాటకి చట్టప్రకారమే చోటుంది.

తెనాలి మాస్టారు | బుధవారం, ఉదయం 8:10

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీష్ చెప్పి రిటైరయ్యాను. ప్రస్తుతం మా అమ్మాయి దగ్గర ఒహాయోలో ఉన్నాను. వరంగల్ బాబు చెప్పింది చదివాక ఉండబట్టలేక రాస్తున్నాను.

మన దగ్గర ఇంగ్లీష్ అంటే పేపరు. ఉత్తరం రాయి, ఖాళీలు పూరించు, యాక్టివ్ వాయిస్‌ని ప్యాసివ్‌లోకి మార్చు. నా సర్వీసు మొత్తంలో పదో తరగతి పిల్లాడు పరీక్షలో నోరు తెరిచి ఒక్క వాక్యం చెప్పాల్సిన అవసరం రాలేదు. తొంభై మార్కులు తెచ్చుకున్న పిల్లలు ఇంటర్వ్యూలో నీళ్ళు నమలడం చూసి ఎంత బాధపడ్డానో. సీబీఎస్ఈ వాళ్ళు వినడం, మాట్లాడటం అంచనా వేయడం తర్వాత మొదలుపెట్టారు. 2023-24లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 3 నుంచి 5 తరగతులకి టోఫెల్ ప్రైమరీ, 6 నుంచి 9 దాకా టోఫెల్ జూనియర్ అనే ఇంగ్లీష్ పరీక్షలు పెడతాం అన్నప్పుడు చాలా వాదనలు జరిగాయి. పిల్లలకి ముందు టీచర్లని ఇవ్వండి, తర్వాత పరీక్ష పెట్టండి అన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. కానీ వినడాన్ని కూడా కొలవాలి అన్న ఆలోచన మాత్రం మంచిదే అని ఇప్పటికీ అంటాను.

డాలస్ తల్లీ, నీ కూతురు ముక్కూమొహం తెలియని మనిషి ముందు మాట్లాడకపోవడం పరీక్షకి సంబంధించిన లోపమే తప్ప పిల్లకి సంబంధించింది కాదు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు అడిగితే ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవడం మర్యాద. ఈ పరీక్ష ఒక్క ముక్కతో తృప్తి పడదు.

డాలస్ అమ్మ | బుధవారం, మధ్యాహ్నం 1:45

మాస్టారూ, మీ మాట చదివి కొంచెం గుండె కుదుటపడింది. నమస్కారం.

ఇవాళ స్కూలుకి ఫోన్ చేసి అడిగాను. కిండర్ పిల్లలకి వినడం, మాట్లాడటం మాత్రమే చూస్తారట, చదవడం రాయడం ఉండదట. వినే భాగంలో పాప బాగానే చేసింది. 'తలుపు దగ్గరున్న పిల్లిని చూపించు' లాంటివన్నీ సరిగ్గా చూపించింది. మాట్లాడే భాగంలో కథ చెప్పి, బొమ్మలు చూస్తూ మళ్ళీ నువ్వు చెప్పు అంటే 'డాగ్', 'బాల్', 'రన్' అని మూడు మాటలు చెప్పి ఆగిపోయిందట. అక్కడే పోయింది.

ఇంకో సంగతి, నాకు దాని గురించే ఎక్కువ భయం. ఫోన్‌లో మాట్లాడిన టీచర్ మాటల్లో "స్పీచ్ ఇవాల్యుయేషన్ కూడా అవసరమేమో చూద్దాం" అంది, అంటే మాటలో ఏదైనా ఇబ్బంది ఉందా అని చూసే పరీక్షట. నా పిల్లకి ఏదైనా సమస్య ఉందా?

స్పీచ్ థెరపిస్ట్, చికాగో | బుధవారం, రాత్రి 8:40

అక్కా, ఇది నా పని కాబట్టి చెబుతాను. కంగారు పడకండి, అలాగని వదిలేయకండి.

మేం మొదట అడిగే ప్రశ్న ఒకటే: పాప తెలుగులో ఎలా మాట్లాడుతోంది? భాష నేర్చుకోవడంలోనే ఇబ్బంది ఉన్న పిల్లకి ఆ ఇబ్బంది రెండు భాషల్లోనూ కనిపిస్తుంది. వాళ్ళ నానమ్మతో పాప వాక్యాలు కలిపి మాట్లాడుతుందా? నిన్న జరిగింది వరసగా చెప్పగలదా? బయటివాళ్ళకి ఆ తెలుగు అర్థమవుతుందా? వీటికి అవును అయితే మీ పాపకి ఉన్నది రెండో భాష నేర్చుకునే దశ. కొత్త చోట, కొత్త మనుషుల ముందు కొన్ని నెలలు మౌనంగా ఉండటం ఈ దశలో మామూలే.

ఒకవేళ వాళ్ళు ఇవాల్యుయేషన్ అంటే, అది ఇంగ్లీష్‌లో మాత్రమే చేసి తేల్చకూడదు. ప్రత్యేక విద్య చట్టం పిల్ల భాషలో పరీక్షించాలనే అంటుంది, అది ఏ రకంగానూ వీలుకాని సందర్భంలో తప్ప. తెలుగు దుబాసీని అడగడం మీ హక్కు, మీకు ఇంగ్లీష్ వచ్చినా సరే పాప కోసం అడగండి. ఈ నియమం ఊరికే రాలేదు. 1970లో కాలిఫోర్నియాలో డయానా కేసు అని ఉంది. స్పానిష్ మాట్లాడే తొమ్మిది మంది పిల్లలకి ఇంగ్లీష్‌లో ఐక్యూ పరీక్ష పెట్టి, బుద్ధి మాంద్యం ఉన్న పిల్లల క్లాసులో వేశారు. వాళ్ళ భాషలో మళ్ళీ పెడితే చాలామంది ఆ గీత దాటేశారు.

వీలైతే పాప ఇంట్లో నానమ్మకి ఏదో చెబుతున్నప్పుడు రెండు మూడు నిమిషాలు ఫోన్‌లో వీడియో తీసి తీసుకెళ్ళండి. మీరు వంద మాటలు చెప్పినదానికంటే అది ఎక్కువ పనిచేస్తుంది.

డాలస్ అమ్మ | బుధవారం, రాత్రి 9:10

తెలుగులోనా! నోరు మూతపడదు. మొన్న వినాయక చవితికి పత్రి కోసుకొచ్చిన కథ వాళ్ళ నానమ్మకి చెప్పడం మొదలుపెట్టి, అన్నం తినడం అయ్యేదాకా ఆపలేదు. మధ్యలో "నువ్వు ఊఁ కొట్టట్లేదు" అని ఆవిడ మీద కోపం కూడా.

మరి ఇంగ్లీష్ రావాలంటే ఇంట్లో తెలుగు తగ్గించాలా? మా ఆయన అదే అంటున్నారు.

ఈఎస్ఎల్ టీచర్, న్యూజెర్సీ | బుధవారం, రాత్రి 9:50

దయచేసి తగ్గించకండి. ఈ మాట నేను ప్రతి పేరెంట్ మీటింగ్‌లోనూ గట్టిగా చెబుతాను.

పాప ఆగిపోయింది ఎక్కడ? కథ తిరిగి చెప్పడం దగ్గర. ఆ విద్య పాపకి తెలుగులో ఇప్పటికే ఉంది. ముందేం జరిగింది, తర్వాతేం జరిగింది, ఎందుకు జరిగింది అని వరస పెట్టడం ఒకసారి వస్తే రెండో భాషకి దానికి కావాల్సిన మాటలు నేర్పితే చాలు. వరసే రాని పిల్లకి నేర్పడం చాలా కష్టం. నానమ్మ దగ్గర కథలు మానిపించి, రాని ఇంగ్లీష్‌లో మీరు తడుముకుంటూ మాట్లాడితే ఆ బలం కూడా పోతుంది.

మీరు చేయగలిగింది, రాత్రి పూట ఒక బొమ్మల పుస్తకం ఇంగ్లీష్‌ది తీసి మీరు చదవండి. తర్వాత పాపని నానమ్మకి తెలుగులో చెప్పమనండి. మర్నాడు అదే కథ మీకు ఇంగ్లీష్‌లో చెప్పమనండి. 'డాగ్ రన్' అంటే తప్పని దిద్దకుండా 'అవును, ద డాగ్ ఈజ్ రన్నింగ్ బికాజ్ హీ సా ద బాల్' అని మీరు నిండుగా అనండి. వేరే ట్యూషన్ అక్కర్లేదు.

సన్నీవేల్ నాన్న | గురువారం, ఉదయం 7:30

మీటింగ్ అడిగాను, వచ్చే వారం ఇచ్చారు. చిన్నవాడి సర్వేలో ఉన్నదున్నట్టు తెలుగు అనే రాస్తాం. ఒక్క మంచి వార్త, కాలిఫోర్నియాలో 2024లో ఏబీ 2268 చట్టం తెచ్చి ట్రాన్సిషనల్ కిండర్‌గార్టెన్ (కిండర్‌కి ముందు ఏడాది) పిల్లలకి ఎల్‌ప్యాక్ తీసేశారు. నాలుగేళ్ళ పిల్లకి పరీక్ష పెట్టి భాష రాదని తేల్చే పని కనీసం ఒక ఏడాది వాయిదా పడింది. కిండర్‌లో చేరాక మొదటి 30 రోజుల్లో పెడతారు, ఆలోపు వాడికి స్కూలు అలవాటు చేస్తాం. మొదటి పరీక్షలోనే ఇనీషియల్ ఫ్లూయెంట్ (ఇంగ్లీష్ ముందే వచ్చు) అని వస్తే అసలు లెక్కలోకే రాడు.

అట్లాంటా, మాది వరంగల్ | గురువారం, రాత్రి 8:00

మేడం చెప్పినట్టే నిన్న నమూనా ప్రశ్నలు పెట్టి చూసినం. నిజంగా మావాడు ఆ నమూనా గొంతు విని ఆన్సర్ అయిపోయిందనే అనుకున్నాడట. ఎట్లా చెప్పాలో తెలిసినంక నిమిషంసేపు ఆగకుండా మాట్లాడిండు. ఇప్పుడు ఈఎస్ఎల్ వద్దని రాసి ఇవ్వాలా, ఉండనివ్వాలా?

ఈఎస్ఎల్ టీచర్, న్యూజెర్సీ | గురువారం, రాత్రి 8:25

ఈ ఏడాది ఉండనివ్వండి. కొత్త దేశంలో ఆరో తరగతి పిల్లాడికి, సోషల్ స్టడీస్‌లో అమెరికా చరిత్ర మొదటిసారి వింటున్నవాడికి, పక్కన అడగడానికి ఒక టీచర్ ఉండటం మంచిదే. రాష్ట్ర పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు కూడా వస్తాయి. యాక్సెస్ పరీక్ష అయ్యాక స్కోరు చూసి మళ్ళీ మాట్లాడదాం.

డాలస్ అమ్మ | శుక్రవారం, సాయంత్రం 6:15

సంతకం పెట్టి పంపించాను. టెక్సాస్‌లో కిండర్‌లో ఉండగా బయటికి పంపరట, మొదటి తరగతి చివరికి చూస్తారట. సరే అన్నాను. కిండర్‌లో టెల్పాస్ కంప్యూటర్ మీద ఉండదనీ, క్లాస్ టీచరే ఏడాది పొడవునా గమనించి వేస్తుందనీ చెప్పారు. అది విని చాలా సంతోషమేసింది, ఆ టీచర్ అంటే పాపకి ఇష్టం. వీడియో కూడా పంపాను, ఇవాల్యుయేషన్ సంగతి డిసెంబర్ దాకా ఆగి చూద్దాం అన్నారు. చికాగో చెల్లికి ప్రత్యేకంగా థాంక్స్.

మా అత్తయ్యగారు ఒకటి అడగమన్నారు. పాపకి తెలుగు రాయడం, చదవడం కూడా ఇప్పుడే మొదలుపెట్టవచ్చా, లేక ఇంగ్లీష్ అక్షరాలతో కలిసి గందరగోళం అవుతుందా?

తెనాలి మాస్టారు | శుక్రవారం, రాత్రి 7:00

మొదలుపెట్టమని చెప్పు తల్లీ. మా మనవరాలు రెండూ ఒకేసారి నేర్చుకుంది, తెలుగు నేర్పే మనబడికి కూడా వెళ్తోంది. అక్షరానికి ఒక శబ్దం ఉంటుందని తెలుగులో తేలిగ్గా తెలుస్తుంది, ఇంగ్లీష్‌లో అది తెలియడానికి టైం పడుతుంది. రోజూ పావుగంట చాలు. బలవంతం మాత్రం పెట్టొద్దని అత్తయ్యగారికి నా మాటగా చెప్పు.